దీపాల పిల్లకి పెళ్ళి కాలేదు

మా బంధువుల్లో ఒక జోకు ఉంది. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, నలుగురం ఒకచోట చేరినప్పుడల్లా ఎవరో ఒకరు దాన్ని బయటికి తీస్తారు. ఢిల్లీలో పెరిగిన మా అమ్మాయి చిన్నప్పుడు వాళ్ళ మామ్మకి ఒక ఇంగ్లీషు నవల తెలుగులో చెప్పిందట. భాష సరిగ్గా రాక ముగింపు తారుమారు చేసేసిందట. పెళ్ళితో పూర్తి కావాల్సిన కథని పెళ్ళి లేకుండానే ముగించిందట. "ఢిల్లీ తెలుగు దెబ్బకి పీటల మీద పెళ్ళి ఆగిపోయింది" అంటారు మా బావగారు. అందరూ నవ్వుతారు. మా అమ్మాయీ నవ్వుతుంది. చాలా ఏళ్ళు నేనూ నవ్వాను.

ఆ జోకులో నిజం లేదు. మా అమ్మాయి కథని ఉన్నదున్నట్టే చెప్పింది. ముగింపు మార్చింది నేను. అదెలా జరిగిందో రాసి పెట్టాలనిపించి ఇది రాస్తున్నాను.

అప్పట్లో మేం ఢిల్లీ పొలిమేరల్లో ఉన్న ఇందిరాపురంలో ఉండేవాళ్ళం. నేను కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసర్ని, మా ఆవిడ బ్యాంకులో పని చేసేది. ప్రభుత్వ క్వార్టర్ ఎప్పటికి దొరుకుతుందో తెలియక అక్కడ ఫ్లాటు తీసుకున్నాం. చుట్టూ ఇంకా క్రేన్లూ సిమెంటు దుమ్మూ ఉండేవి. వేసవి వచ్చిందంటే మధ్యాహ్నం కరెంటు పోయేది, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. సొసైటీ జనరేటరు లిఫ్టునీ, మెట్ల మీద లైట్లనీ, ఇంటికొక ఫ్యానునీ నడిపేది. అది కూడా డీజిలు అయిపోయేదాకానే. సాయంత్రం మేం చీకట్లో బాల్కనీలో నిలబడితే, హద్దుకి అవతల ఢిల్లీ ధగధగా వెలిగిపోతూ కనబడేది.

నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. గోదావరి జిల్లాలో ఉన్నన్నాళ్ళూ ఆవిడకి వారపత్రికల్లో సీరియళ్ళే లోకం. పత్రిక ఒక రోజు ఆలస్యమైతే షాపతన్ని నిలదీసే మనిషి. ఢిల్లీకి వచ్చేసరికి రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి. అక్షరాలన్నీ అలికేసినట్టు కనిపిస్తున్నాయనేది. టీవీలో హిందీ సీరియళ్ళు పెడితే కాసేపు చూసి, "వీళ్ళు తిట్టుకుంటున్నారో దండాలు పెట్టుకుంటున్నారో నాకు తెలియట్లేదురా, ఆపేయ్" అనేది.

మా అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి. తెలుగు బాగానే అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలోనే వచ్చేది. "అన్నం తిన్నావటే?" అని మామ్మ అడిగితే "ఖా లియా, మామ్మ" అని వెళ్ళిపోయేది. ఒకే ఇంట్లో ఉంటూ ఆ ఇద్దరూ మాట్లాడుకున్నది అన్నం గురించీ, స్నానం గురించీ, అంతే.

అలాంటిది ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. చల్లగా ఉంటుందని మామ్మ హాల్లో గచ్చు మీద పడుకుంది. స్కూలు నుంచి వచ్చిన పిల్ల బాల్కనీ తలుపు దగ్గర వెలుతురు చూసుకుని లావుపాటి పుస్తకం ఒకటి చదువుకుంటోంది. తరవాత మా అమ్మ ఎన్నోసార్లు చెప్పింది కాబట్టి ఆ సంభాషణ నాకు కంఠతా వచ్చు.

"ఏవిటే అది? పాఠం పుస్తకమా?"

"నహీ మామ్మ. స్టోరీ."

"ఏం స్టోరీ?"

"ఒక సిటీ ఉంటుంది. అక్కడ లైట్ ఎప్పుడూ బంద్ అవ్వదు. అంధేరా... అంధేరాని తెలుగులో ఏమంటారు?"

"చీకటి."

"ఆఁ, చీకటి. చీకటి ఉండకూడదు. రూల్. ఎవరైనా చీకటి చేస్తే పట్టుకుపోతారు."

మా అమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయిందట. "కరెంటు పోని ఊరా? ఇంకేం కావాలే వాళ్ళకి, మహారాజుల్లా బతక్క!"

"నహీ మామ్మ, బహుత్ బురా సిటీ హై. మంచిది కాదు. నువ్వు విను."

అలా మొదలైంది. ఆ ఊళ్ళో పగలూ రాత్రీ తేడా లేదు. దీపాలు ఆరకుండా చూడడానికి అమ్మాయిల్ని చిన్నప్పుడే పనిలో పెడతారు. చీకట్లో మనుషులు ఏం మాట్లాడుకుంటారో పెద్దలకి తెలియదు కాబట్టి చీకటే నేరం. ఆ దీపాలు చూసే అమ్మాయిల్లో ఒకతి, ఊరి కింద పాడుబడ్డ కాలవల్లో దాక్కుని బతికే వాళ్ళలో ఒక కుర్రాడు. ఆరిపోయిన దీపాన్ని వెలిగించడానికని కిందికి దిగినప్పుడు ఆ పిల్లకి అతని గొంతు వినబడుతుంది. వెంటనే వెలిగించాలి. వెలిగించదు. కథంతా అక్కణ్ణించే. వాళ్ళకి పుస్తకంలో ఏవో పేర్లున్నాయి. మా అమ్మకి నోరు తిరగలేదు. ఆవిడ వాళ్ళని దీపాల పిల్ల, చీకటి కుర్రాడు అని పిలిచింది. మా ఇంట్లో అవే పేర్లు ఖాయమైపోయాయి.

శనివారాలు నాకు సెలవు. పక్క గదిలో పడుకుని నిద్ర నటిస్తూ వినేవాణ్ణి.

"మరి ఆ వెలుతురులో నిద్రెలా పోతారే?"

"పోవాలి. కళ్ళకి క్లాత్ కట్టుకున్నా పనిష్మెంట్."

"ఓరి నాయనో. పెరుగు తోడుకుంటుందా అసలు?"

"పెరుగు గురించి రాయలేదు, మామ్మ."

"రాయలేదూ? ఆ రాసినావిడ వంటింటి మొహం చూసినట్టు లేదు. సరే, ఆ కుర్రాడు ఎలా ఉంటాడు?"

"తెలీదు. చీకట్లోనే కలుస్తారు కదా. తను ఇంకా చూడలేదు. ఓన్లీ గొంతు."

"గొంతు విని ఇష్టపడిందా?"

"హా."

అమ్మ విసనకర్ర అందుకుని, "నయమేలే. తెర తీసేదాకా మీ తాతగారి గొంతు కూడా నేను వినలేదు" అంది.

మా అమ్మాయి పకపకా నవ్వింది. ఆ తరవాత తాతగారి గురించి ఏదేదో అడిగింది. నాన్నగారి గురించి మా అమ్మ నోట నేనెప్పుడూ వినని సంగతులు ఆ శనివారం పక్క గదిలోంచి విన్నాను.

మొదటి భాగం అయిపోయి రెండోది మొదలయ్యేసరికి మా అమ్మాయి నోట్లో హిందీ పలచబడింది. "నక్కి కూర్చుంది", "గుండె గుభేలుమంది", "వాడి గుట్టు వీడికి తెలిసిపోయింది" లాంటి మాటలు స్కూలు యూనిఫారంలో ఉన్న పిల్ల నోటంట వస్తుంటే వింతగా ఉండేది. అవన్నీ మా అమ్మ అందించినవే. పిల్ల ఎక్కడ మాటకి తడుముకున్నా ఆవిడ పడుకునే అందించేది. చీకటి చేసినవాళ్ళని పట్టుకుపోయే దీపాల దళం వాళ్ళు ఆ ఇద్దరినీ తరుముకొచ్చే చోట అమ్మ లేచి కూర్చుని, "అయ్యో అయ్యో, ఆ గోడ వెనక్కి పొమ్మనవే!" అని కేకేసింది. అప్పుడే బ్యాంకు నుంచి వచ్చిన మా ఆవిడ చెప్పులు విడవడం కూడా మరిచిపోయి గుమ్మంలో నిలబడి, "పోయిందా? గోడ వెనక్కి పోయిందా?" అని అడిగింది.

సాయంత్రం కింద పార్కులో తెలుగువాళ్ళు కూర్చునే బెంచీ ఒకటి ఉండేది. మధ్యాహ్నం విన్నదాన్ని అమ్మ అక్కడ మళ్ళీ చెప్పేది. "మా మనవరాలు రోజూ చెబుతుంది నాకు" అని మొదలుపెట్టేది. ఒకసారి చీకటి పడ్డాక బాల్కనీలో నిలబడి అవతల ఢిల్లీ దీపాలు చూపిస్తూ, "ఆ కరెంటు పోని ఊరు అదేనేమోనే" అంది. "అవును మామ్మ, నాన్న రోజూ వెళ్ళేది అక్కడికే. నాన్న దీపాల దళం" అంది మా అమ్మాయి. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. నాకు కాస్త కోపం వచ్చిందన్నది నిజం.

మా అమ్మాయి పదో తరగతిలోకి వచ్చింది. పుట్టినరోజుకి స్నేహితురాళ్ళందరూ కలిసి మూడో భాగం కొత్తది కొనిచ్చారు. అదే ఆఖరి భాగం. అదే వారంలో లెక్కల్లో తక్కువ మార్కులు వచ్చాయి. నేను పుస్తకం ఇచ్చెయ్యమన్నాను.

"లోకం నాశనమైపోయిందట, అందులో వీళ్ళకి ప్రేమలట. బోర్డు పరీక్షలో ఇవే అడుగుతారా?"

"పరీక్షలయ్యాక ఇస్తావా?"

"ఇస్తాను."

"ప్రామిస్?"

"ప్రామిస్."

అంతే. ఏడవలేదు, మారాం చెయ్యలేదు. ఆఖరి పేజీ కూడా తిప్పి చూడకుండా నా చేతికిచ్చింది. నేను దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. చీకటి కుర్రాణ్ణి పట్టుకుని బతికుండగానే గోడలో పెట్టి మూసేయబోయే చోట రెండో భాగం ఆగింది. మా ఇంట్లో కథ కూడా అక్కడే ఆగింది.

పరీక్షల ముందే అమ్మకి కంటి ఆపరేషన్ నిర్ణయమైంది. ముందురోజు మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒరేయ్, ఆ పిల్ల ఏమైందిరా?"

"ఏ పిల్ల?"

"దీపాల పిల్లరా. ఆ కుర్రాణ్ణి గోడలో పెట్టి మూసేస్తున్నారు. బయటికి తీశారా లేదా?"

"పరీక్షలయ్యాక అదే చెబుతుందిలే అమ్మా."

"రేపు నా కంట్లో కత్తి పెడతారు. ఏమవుతుందో ఎవడికి తెలుసు? వాడు గోడలోనే ఉన్నాడనుకుంటూ నేను ఆ బల్ల మీద పడుకోవాలా? నువ్వు ఆఫీసులో అంతంత ఇంగ్లీషు చదువుతావు కదా. కాస్త చూసి చెప్పు నాన్నా."

మా ఆఫీసులో మాకొక అలవాటు ఉంది. ఫైలు ఎంత లావుగా వచ్చినా ఆఖరి నోటులోని ఆఖరి పేరా చూస్తాం. కింద చెప్పిందే పైన ఉంటుందన్న నమ్మకంతో సంతకం పెట్టి పైకి పంపుతాం. పైవాళ్ళు మా సంతకం చూసి వాళ్ళ సంతకం పెడతారు. చదివినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని ఎవరూ అడగరు. నేను బీరువా తెరిచి పుస్తకం తీసి వెనక అట్ట మీద నాలుగు ముక్కలు చదివాను. ప్రేమ, ప్రమాదం, చివరి పోరాటం అని ఏదో ఉంది. చాల్లే అనుకున్నాను. మిగతాది నాకు తెలిసిన పద్ధతిలో అల్లుకుంటూ వెళ్ళి అమ్మకి చెప్పేశాను.

దీపాల దళం పెద్ద నిజానికి ఆ కుర్రాడికి మేనమామ. పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని గోడ పగలగొట్టించాడు. తానే దగ్గరుండి ఇద్దరికీ పెళ్ళి చేశాడు. పెళ్ళి రాత్రి ఊళ్ళో దీపాలన్నీ ఆర్పేశారు.

"నే అనుకున్నానురా!" అని అమ్మ తొడ చరుచుకుంది. "ఆ ముసలాడి మాటతీరులోనే ఉంది. వాడికి ఆ కుర్రాడి మీద లోపల ఎక్కడో ప్రేముంది. పుస్తకం అంతా చదివావా?"

"చదివాను."

"పిల్లకి చెప్పకు. అది చెప్పేటప్పుడు కొత్తగా విన్నట్టు వింటాను. దాని సరదా పాడవకూడదు."

ఆపరేషన్ బాగా జరిగింది. నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఇంట్లో కూర్చున్న రోజుల్లో అమ్మ ఫోను పట్టుకుని మా అక్కకీ, పిన్నిలకీ, మేనకోడళ్ళకీ ఆ ముగింపు చెప్పింది. కింద బెంచీ మీదా చెప్పింది. "మా అబ్బాయి చదివి మరీ చెప్పాడు, అంత ఆఫీసరయ్యుండి" అనేది. అలా నేనల్లిన అబద్ధం రాజమండ్రి దాకా వెళ్ళిపోయింది.

పరీక్షలయ్యాయి. మాట ప్రకారం పుస్తకం ఇచ్చేశాను. మా అమ్మాయి దాన్ని ఏకబిగిన చదివేసి, కథని ఎప్పట్లాగే రోజుకి కాస్త చొప్పున మామ్మకి చెప్పుకొచ్చింది. ముగింపు చెప్పిన రోజు శనివారం. నేను హాల్లోనే పేపరు చదువుకుంటున్నాను. కరెంటు లేదు. తెలిసిన కథే అయినా అమ్మ నోరు తెరుచుకుని వింటోంది. నాతో చెప్పినట్టే, ఏమీ తెలియనట్టు "ఆఁ, ఆఁ, తరవాత?" అంటోంది.

"దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి మామ్మ. జనం మొదట ఏడ్చారు. తలుపులు వేసేసుకున్నారు. అప్పుడు ఒక చిన్నపిల్ల బయటికొచ్చి పైకి చూసి, అవేంటి అని అడిగింది. చుక్కలు! వాళ్ళెవరూ పుట్టి చుక్కలు చూడలేదు కదా. వాళ్ళమ్మకి కూడా తెలీదు. ఆకాశానికి చిల్లులు పడ్డాయేమో అంది. ఆ కుర్రాడు గోడలోంచి బయటపడ్డాడు. కానీ కాలవల్లో ఉన్నవాళ్ళు వెలుతురు ఓర్చుకోలేరు. వాళ్ళని కొండ అవతలికి తీసుకెళ్ళాలి. ఎవరు తీసుకెళ్తారు? అతనే. మరి ఊళ్ళో దీపాలు ఎప్పుడు వెలిగించాలో ఎప్పుడు ఆర్పాలో ఎవరు చూస్తారు? తనే. అందుకని ఎవరి చోట వాళ్ళు ఉండిపోయారు. సందెవేళ మాత్రం, వెలుతురు పోయి చీకటి పడేలోపల, ఇద్దరూ ఊరి ద్వారం దగ్గర కలుస్తారు. అప్పుడు ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కొంచెం కొంచెం కనిపిస్తుంది. అంతే. అయిపోయింది."

ఒక్క హిందీ మాట లేదు. చెప్పడం పూర్తయ్యేసరికి పిల్ల మొహం ఎర్రబడింది.

"మరి పెళ్ళి?" అంది అమ్మ.

"పెళ్ళి లేదు మామ్మ."

"అదేవిటే! వాళ్ళ మేనమామ చేశాడుగా?"

"ఏ మేనమామ?"

"దళం పెద్ద. పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టలేదూ?"

"అలా ఏం లేదు మామ్మ. ఎవరు చెప్పారు?"

"మీ నాన్న. చదివి చెప్పాడే నాకు, ఆపరేషన్ ముందురోజు."

మా అమ్మాయి నా వైపు తిరిగింది. కోపంగా చూడలేదు. నేను ఏదో చెబుతానన్నట్టు చూసింది. చెప్పాల్సింది చిన్న మాట. నేను చదవలేదమ్మా, కల్పించి చెప్పాను. నవ్వేసి ఊరుకునేవాళ్ళు. నేను పేపరు కొంచెం పైకెత్తి ఇలా అన్నాను:

"తెలుగులో చెప్పడంలో ఎక్కడో తేడా వచ్చుంటుందిలే అమ్మా. దానికింకా అన్ని మాటలూ రావు కదా."

"అదీ నిజమే" అంది అమ్మ. పిల్ల తల నిమిరి, "పోనీలే అమ్మడూ, తెలుగు కష్టమే. ఇంత చెప్పావు, అదే గొప్ప" అంది.

మా అమ్మాయి పుస్తకం మూసి, "ఠీక్ హై" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మళ్ళీ "ఖా లియా, మామ్మ". అమ్మ ఇంకో కథ చెప్పమని అడిగితే, "ముఝే తెలుగు నహీ ఆతీ" అంది. నాకు తెలుగు రాదు అని. ఆ మాట చేదుగా అనలేదు, అందరికీ తెలిసిన విషయం చెప్పినట్టు అంది. అమ్మ నొచ్చుకుంది. "నేనే తప్పురా. చిన్నపిల్లని పట్టుకుని పెళ్ళి అయింది, అయింది అని వాదించాను. విని ఊరుకోవాల్సింది" అని నాతోనే అంది. నాతోనే. ఎండ మండుతున్న ఆ మధ్యాహ్నాలు అమ్మ హాల్లో, పిల్ల గదిలో, మధ్యలో ఏ చప్పుడూ లేదు.

మా ఆవిడ వంటింట్లో అడిగింది: "ఆ పుస్తకం మీరు ఎప్పుడు చదివారు?"

"ఆఫీసులో."

"ఆఫీసులో ఫైళ్ళే చదవరు మీరు."

ఆ తరవాత ఒక సోమవారం మా అమ్మాయి అలమరలోంచి మొదటి భాగం తీసి నా బ్యాగులో వేసుకున్నాను. నేను ఆఫీసుకి వెళ్ళే చార్టర్డ్ బస్సులో ఎవరి సీటు వాళ్ళకి ఖాయం. నా పక్క సీటాయన పంజాబీ, పేకాట మనిషి. పుస్తకం అట్ట చూసి, "క్యా భాయీసాబ్, బచ్చోం కీ కితాబ్, పిల్లల పుస్తకం? బేటీ నుంచి కొట్టేశారా?" అన్నాడు. అవునన్నాను.

మొదట్లో విసుగ్గానే చదివాను. ఆ తరవాత దీపాల పిల్ల ఆరిన దీపం దగ్గర చేతిలో వత్తి పట్టుకుని, వెలిగించకుండా నిలబడే పేజీ వచ్చింది. ఆ పిల్లకి ఏం తినాలో, ఎప్పుడు పడుకోవాలో, పెద్దయ్యాక ఏమవాలో అన్నీ ఎవరో ముందే నిర్ణయించేశారు. అందరూ ఆమె మంచికే చేశారు. ఆమె సొంతంగా చేసిన మొదటి పని ఒక దీపాన్ని వెలిగించకపోవడం. ట్యూషన్లకీ టెస్టులకీ మధ్య తిరిగే పదిహేనేళ్ళ పిల్లకి ఈ కథ ఎందుకు కావాలో నాకు బస్సులో అర్థమైంది. మామూలు ప్రపంచంలో ఇద్దరు మాట్లాడుకుంటే ఏం పోతుంది? ఆ ఊళ్ళో ఒక్క మాటకి ప్రాణం పోతుంది. అందుకే అక్కడ ఎవరూ పైపైన మాట్లాడరు. ఆ ఇద్దరూ చీకట్లో చెప్పుకునే మాటలు చదువుతుంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆవిడతో నేను అంత జాగ్రత్తగా ఎప్పుడు మాట్లాడానా అని ఆలోచన వచ్చింది. మా అమ్మకి ఎందుకు నచ్చిందో కూడా తెలిసింది. ఆవిడ జీవితంలో భయం ఉంది, ప్రేమా ఉంది. వాటి గురించి మాట్లాడుకునే చోటే ఎప్పుడూ లేదు.

రెండో భాగం చదువుతూ ఒక సాయంత్రం నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను. తరవాతి కాలనీ వసుంధర దగ్గర డ్రైవరు వెనక్కి తిరిగి, "ఉతర్నా నహీ హై, సాబ్?" అని అడిగితే గాని తెలియలేదు. బస్సంతా నవ్వారు.

మూడో భాగం చివర్లో నేను ఆగి ఆగి చదివాను. మా అమ్మాయి ఒక్క పిసరు కూడా తప్పు చెప్పలేదు. తప్పు లేకపోవడమే కాదు, చుక్కల గురించి పుస్తకంలో చాలా తక్కువ ఉంది. ఆకాశానికి చిల్లులు పడ్డాయన్న మాట అందులో లేనే లేదు. అది పిల్ల తన మామ్మ కోసం తెలుగులో కట్టిన మాట. దానికి నేను వంక పెట్టాను.

ఆ సాయంత్రం పుస్తకం తీసుకుని తన గదికి వెళ్ళాను.

"నువ్వు చెప్పిందే కరెక్టు. నేను అప్పుడు చదవలేదు. మామ్మకి కల్పించి చెప్పాను."

"పతా హై" అంది, తెలుసని.

"ఎలా తెలుసు?"

"నువ్విచ్చినప్పుడు బుక్కు కొత్తగానే ఉంది నాన్నా. పేజీలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి."

"మరి అక్కడే ఎందుకు అనలేదు?"

"నువ్వు చెప్తావని చూశాను."

గుమ్మం వైపు తిరిగి, "ఇప్పుడే వెళ్ళి మామ్మకి చెబుతాను" అన్నాను.

"వద్దు. మామ్మ బెంచీ మీద అందరికీ చెప్పేసింది. ఫోన్లో కూడా చెప్పింది. ఇప్పుడు అబద్ధమంటే పాపం తన ఇజ్జత్ పోతుంది. ఉండనీ."

నేను సరేనన్నాను. పిల్ల పెద్దమనసుతో అన్న మాట నాకు అనుకూలంగా ఉంది కాబట్టి అంత తొందరగా ఒప్పుకున్నాను. పోయేది అమ్మ పరువు కాదు, నాది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది. "ఇంకో సిరీస్ ఉంది. మామ్మకి చెప్తాను. కానీ నువ్వు వినకూడదు."

"సరే."

"పక్క గదిలో పడుకుని కూడా."

ఆ వేసవంతా శనివారం మధ్యాహ్నాలు నేను గొడుగు వేసుకుని మార్కెట్లో తిరిగాను. కూరలతనికి నా మీద జాలి వేసి స్టూలు వేసేవాడు. ఇంటికొచ్చేసరికి ఇద్దరి మొహాలూ వెలిగిపోతుండేవి. ఏమైందని అడిగే హక్కు నాకు లేదు. తరవాత మా అమ్మాయి గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్‌లో చేరింది. హాస్టల్ నుంచి బస్సెక్కి సెలవులకి వచ్చినప్పుడల్లా మామ్మకి ఏదో ఒక కూలిపోయిన లోకం సంచిలో తెచ్చేది. అమ్మ బెంచీ మీద గర్వంగా చెప్పుకునేది: "మా మనవరాలికి ఇప్పుడు తెలుగు బాగా వచ్చేసింది. మొదట్లో ముగింపులు తప్పేది, పాపం."

ఆ మాట నమ్ముతూనే అమ్మ వెళ్ళిపోయింది. ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఇప్పుడు దానికి చెయ్యగలిగింది ఏమీ లేదు.

మొన్న చలికాలంలో జనక్‌పురిలో మా బంధువుల ఇంట్లో పెళ్ళి జరిగింది. భోజనాల దగ్గర బావగారు మళ్ళీ ఆ జోకు తీశారు. మా అమ్మాయి ఉద్యోగంలో చేరి చాలా కాలమైంది. ఎప్పట్లాగే చిన్నగా నవ్వింది. నేను నవ్వలేదు.

"బావగారూ, అది సరిగ్గానే చెప్పింది. పుస్తకం చదవకుండా అమ్మకి అబద్ధం చెప్పింది నేను. ఆ పెళ్ళి నేను చేసిన పెళ్ళి. అసలు కథలో పెళ్ళి లేదు."

"ఓహో, ఇన్నాళ్ళకి కూతుర్ని వెనకేసుకొస్తున్నావా?" అన్నారాయన.

"వెనకేసుకురావడం కాదు. నిజం."

మా అక్క నా చెయ్యి పట్టుకుంది. "పోనీలేరా, ఎవరు చెబితే ఏం? కథే కదా. అమ్మ సంతోషంగా వింది."

"కథే. కానీ దానికి తెలుగు రాదని నేనన్నాను అక్కా. అందరూ నమ్మారు. అదీ నమ్మింది కొన్నాళ్ళు."

బల్ల దగ్గర సగం మందికి నా మాటలు బ్యాండు చప్పుడులో వినబడనే లేదు. వినబడనివాళ్ళ కోసం, ఆ పెళ్ళికి రానివాళ్ళ కోసం ఇదంతా రాశాను.

మా అమ్మాయి నా వైపు చూడలేదు. పళ్ళెంలో ఏదో కెలుకుతూ కూర్చుంది. ఎదురుగా కూర్చున్న మా అక్క మనవరాలు, స్కూలు పిల్ల, ముందుకి వంగి అడిగింది: "అయితే అసలు ఏమవుతుంది పిన్నీ? వాడు చచ్చిపోతాడా?"

"చచ్చిపోడు."

"మరి పెళ్ళెందుకు అవదు?"

"అది చెప్పాలంటే చాలా ఉంది. తిన్నాక చెప్తాను."

"ఇప్పుడే చెప్పు!"

మా అమ్మాయి పళ్ళెం పక్కకి జరిపి చెప్పడం మొదలుపెట్టింది. నేను లేవబోతుంటే, "కూర్చో నాన్నా" అంది. కూర్చున్నాను. చుట్టుపక్కల పిల్లలు ఒక్కొక్కరే దగ్గరికి చేరారు. బావగారు కాసేపు పెళ్ళి పందిరి వైపు చూస్తూ కూర్చున్నారు. తరవాత ఐస్‌క్రీం కప్పు చేత్తో పట్టుకునే కుర్చీ ఇటు లాక్కున్నారు.

"అంతా బాగానే ఉంది గానీ అమ్మాయ్" అన్నారు, "ఇంతకీ ఆ కుర్రాడు ఏం చేస్తుంటాడు?"

"ఆగండి మావయ్యా, ఇంకా వాడు రాలేదు కథలోకి" అంది మా అమ్మాయి.